ఐదో నంబరు గోడ

పట్నం పాకి వచ్చి తాకిన ఊరది. చూడవచ్చినవాళ్లు తమంతట తామే తిరిగేలా, చరిత్ర ఉన్న చోటల్లా మనవరాలు రంగుతో నంబరు వేస్తోంది. గొర్రెలను తోలుకొస్తున్న అవ్వ ఒక గోడ దగ్గర ఆమెను ఆపింది.

"గీడ ఐదో నంబరు ఎయ్యి బిడ్డా."

"ఇది ప్లాట్లోళ్ల గోడ అవ్వా. గీడ చూసేదేముంది?"

"మన మందలు గుట్టకు పోయే బాట. దాని మీదనే గోడ కట్టిండ్రు."

"బాట ఉండెనంటే ఎవరు నమ్ముతరు?"

"గొర్రెలను చూడు."

"అన్నీ గోడకాడ ఆగినయి."

"రోజూ ఆగుతయి. గోడ కట్టినంక పుట్టిన పిల్లలు గూడ పెద్ద గొర్రెలను చూసి గీడనే ఆగుతయి."

"నంబరేస్తే వాళ్లు తుడిపేస్తరు అవ్వా."

"తుడిపినప్పుడల్లా మళ్ల ఎయ్యి. గొర్రెలు రోజూ ఆగుతలేవా?"