మా అబ్బాయి చదివే బడి

ఎన్నికల సభ మొదలవబోతోంది. వేదిక వెనక గదిలో అభ్యర్థిగా నిలబడ్డ చెల్లెలు, ఆమె ప్రచారం చూసుకునే అన్నయ్య మాత్రమే ఉన్నారు.

“అందరి పిల్లలూ సర్కారు బడిలోనే చదవాలని ఊరూరా చెప్తున్నావు. మరి నీ కొడుకు ప్రైవేటు బడిలో ఎందుకున్నాడని ఇవాళ ఎవరో ఒకరు అడుగుతారు.”

“అడగక్కర్లేదన్నయ్యా, నేనే చెప్తాను.”

“నీకేమైనా మతిపోయిందా? మీ అత్తగారు చేర్పించారని చెప్దాం.”

“ఆవిడ మీదకి నెట్టను. చేర్పించింది నేను.”

“పోనీ, వాడికి చెవులు వినపడవని చెప్పు. జనం జాలిపడతారు.”

“జాలి నాకొద్దు. ముందు మన సర్కారు బడిలోనే వేశాను కదా. సైగలతో పాఠం చెప్పే టీచరు ఒక్కరూ లేరు. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. నాకు స్తోమతుంది కాబట్టి, సైగలతో చెప్పే ప్రైవేటు బడికి మార్చాను. వాడి పక్కన కూర్చునే అమ్మాయికీ వినపడదు. అది ఇంకా అక్కడే ఉంది.”

“ఓట్లు పోతాయే పిచ్చిదానా.”

“పోతే పోనీ. గెలిస్తే మాత్రం ఆ బడికి టీచర్ని తెస్తాను. వచ్చిన రోజునే మావాణ్ణి తీసుకొచ్చి ఆ అమ్మాయి పక్కన కూర్చోబెడతాను. ఆ మాట కూడా మైకులోనే చెప్తాను.”

అన్నయ్య వేదిక వైపు తలుపు తీశాడు.

“అయితే మొదట అదే చెప్పు. ఎవరో అడిగాక చెప్తే భయపడి చెప్పావనుకుంటారు.”