ముద్దలో తేడా

"సుంకన్నబయన్నా... ఓ సుంకన్నబయన్నా!" అని గుట్ట కింద నిలబడి కేకేసిందంట మారెక్క. రెండు పేర్లూ ఒకటే పేరు మాదిరి, మధ్యలో ఊపిరైనా తీసుకోకుండా. కొడుకులిద్దరూ గొర్రెల్ని తోలుకోని ఒక్కసారే దిగొచ్చినారు. ఆమె ఎప్పుడూ అంతే, ఒక్కణ్ణే పిలవంగా విన్నోళ్ళు లేరంట. ఎందుకంటారా? ఆ యమ్మ నిండు చూలాలుగా ఉన్నప్పుడు మొగుడితో కలిసి మంద ఎంబడి దూరం మేతకు పోయింది. దారిలో ఇంకో మంద కలిసింది, ఏ ఊరిదో ఏమో, దాంట్లోనూ ఒకామె నెలలు నిండి ఉండాది. ఏమైందంటే, ఇద్దరూ ఒకే వానలో, ఒకే గుడారంలో కనినారు. పాపం ఆ పరాయి యమ్మ బిడ్డను కని కండ్లు మూసింది. ఆమె మొగుడు బిడ్డ మొకమైనా చూడకుండా యాడికో పోయినాడంట. మారెక్క ఏం చేసింది, ఇద్దర్నీ చెరో పక్కన పండబెట్టుకోని పాలిచ్చింది. తెల్లారి మొగుడొచ్చి మనోడు ఎవుడే అంటే, "చీకట్లో కలిసిపోయినారు, నాకు తెలీదు పో" అనింది. ఆయన చచ్చిపోయేదాకా అదే మాట. ఆయన పోయినాక ఊళ్ళో ఎవరడిగినా అదే మాట.

ఒకే గుడ్డ చింపి ఇద్దరికీ కుట్టేది. ఒకే గంగాళంలోంచి సంగటి తీసి, చేతులు తడుపుకోని ముద్దలు చేసి, ఇద్దరి పళ్ళాల్లో ఒక్కసారే పెట్టేది. ఊరోళ్ళు, "కన్నబిడ్డల మధ్యనే తేడా చూపించే తల్లులుండారు, మారెక్క ఇంట్లో మాత్రం ఎంటికంత తేడా లేదబ్బా" అని చెప్పుకునేవాళ్ళంట. బయన్న మాత్రం తినేసినాక ఒకసారి గంగాళం వైపు చూసి, చెయ్యి కడుక్కోని లేచిపోయేవాడు. అది ఎవరూ చూడలేదనుకో.

ఈ బయన్నకూ, మారెక్క అన్న ఓబులప్ప కూతురు సాలికీ మనసు కలిసింది. ఎట్లా కలిసిందంటే ఏం చెప్పేది! వాన రాకముందే మట్టి వాసనొస్తాది కదా, అట్లా. వాడు నల్లగొర్రె బొచ్చు ఒడికి దారం చేసిచ్చినాడు. ఆ పిల్ల దాన్ని గాజుల ఎనక దాచి కట్టుకునింది. పనిలో గాజులు పైకి జారినప్పుడల్లా దారం కనబడేది, సాలి మొకం ఎర్రబడేది. నాకైతే కథంతా ఆ దారం దగ్గరే నిలిచిపోతే బాగుండు అనిపిస్తాది. కథ నిలవదు కదా.

ఒకనాడు పొద్దు గూట్లో పడే ఏళకు ఓబులప్ప వచ్చినాడు. అప్పుడే దొడ్లో గొర్రెపిల్లల్ని తల్లుల దగ్గరికి ఇడిచిపెడతాండారు. గొర్రెలన్నీ అరుస్తా, పిల్లలన్నీ అరుస్తా, ఒకటే గోల. ప్రతి గొర్రే వాసన చూసి తన పిల్లకే పాలిస్తాంది, పరాయి పిల్ల వస్తే తలతో కుమ్మి తోసేస్తాంది. అది చూపించి ఓబులప్ప, "మే మారీ, నోరు లేని గొర్రెకు తెలిసేది నీకు తెలీదా? నా మేనల్లుడెవుడో చెప్పు, సాలిని వాడికిస్తా. ఏ ఊరోళ్ళ బిడ్డకో ఇస్తే కులంలో నేను తలెత్తుకోని తిరగొద్దా?" అన్నాడంట. మారెక్క, నాకు తెలీదు అనింది. "సరే, ఒక్కణ్ణే పేరు పెట్టి పిలువు. వాడే అల్లుడు" అన్నాడు. ఆ యమ్మ నోరు తెరిచింది, మూసింది. ఒక్క పేరు రావల్ల కదా, రాలేదు.

అంతలో బయన్న కప్పుకునే కంబడి భుజానేసుకోని ముందుకొచ్చినాడంట. "మామా, అమ్మను పీడించాకు. బయటోణ్ణి నేనే. కర్నూలు పక్కకు పోయే మంద ఉండాది, దాంతో పోతాండా. సాలికి మంచి సమ్మందం చూడు." సుంకన్న ఎగిరిపడినాడు, "నీకెవురు చెప్పినార్రా, ఎర్రినాయాలా?" అని. "సంగటి చెప్పిందిలేరా. చిన్నప్పట్నుంచీ నా ముద్ద నీ ముద్ద కంటే పిసరంత తక్కువ. మనిషి మంచిదైనా చెయ్యి అబద్ధం చెప్పదు కదా. పరాయోనికి ఆ మాత్రం పెట్టిందే ఎక్కువ" అని మారెక్క కాళ్ళకు దండం పెట్టి లేచినాడు. గడప దాటితే మళ్ళా రాడని అందరికీ తెలుసు.

అప్పుడు పిలిచిందంట ఆ యమ్మ. "బయన్నా!" అని. ఒక్క పేరే.

"నువ్వేరా నా కడుపున పుట్టింది. మీరు పుట్టిన రాత్రే తెలుసు నాకు. చెప్తే మీ నాయిన సుంకన్నను దూరం పెడతాడని చెప్పలా. పిలిచేటప్పుడు నీ పేరు ముందొస్తాదేమో, పెట్టేటప్పుడు చెయ్యి నీ పళ్ళెం వైపు పోతాదేమో అని రోజూ భయమే. తల్లి లేనోనికి తక్కువ కాకూడదని, నీ ముద్దలోంచి గిల్లి వాని ముద్దకు కలిపినా. నువ్వు నావోడివి కదా, నీది తీసుకుంటే ఎవురడుగుతారు అనుకున్యా. గొర్రె పరాయి పిల్లను కుమ్ముతాది. నేను కుమ్మకూడదు, కుమ్మకూడదు అనుకుంటా, కన్నోణ్ణి కుమ్మినా నాయినా."

సుంకన్న లోపలికి పోయి రెండు పళ్ళాలు తెచ్చి, "అమా, ఆకలైతాంది, పెట్టు. నాది ఈ పొద్దు చిన్నది చెయ్యి, అంతే" అన్నాడు. బయన్నకూ సాలికీ పెండ్లైతే పందిరేసిందీ వాడే అనుకో.

మా అవ్వ ఈ కథ చెప్తా మా అన్నకూ నాకూ సంగటి పెట్టేది. నేను దొంగచాటుగా రెండు పళ్ళాల వైపూ చూసేదాన్ని. నాది పెద్దదైతే సంతోషపడల్లో, చిన్నదైతే సంతోషపడల్లో, ఇప్పటికీ నాకు తేలలేదు.