ఫ్లాస్కుతో రెండు కప్పులు

ఆ తలుపు పూర్తిగా తియ్యమ్మా రాద్కా, సగం వేసుకుని లోపల ఎవర్ని దాస్తున్నావు? భయపడకు, అరవడానికి రాలేదు. అరవాలనుకుంటే మా బాల్కనీలోంచే అరిచేదాన్ని, ఈ గ్యారేజీల వరసంతా వినేది.

నేనెవరో తెలియనట్టు చూడకు. నేనే, క్వేతా. నీ పక్క గ్యారేజీ బొహూష్ పెళ్ళాన్ని. కాగితాల మీద ఆయన నాకు మొగుడు, నిజానికి ఆ ఎర్ర జావా బండికి మొగుడు.

చేతులు తుడుచుకోనక్కర్లేదు, నీ పని నువ్వు చేసుకో. నీ పని చూద్దామనే వచ్చాను. అబ్బో, ఎంత నున్నగా తోమావమ్మా ఈ మూడు చక్రాల బండిని! అవతల కొండల మీద మంచు పడుతోంది, ఎవరికి చూపిద్దామని ఈ మెరుగులు? వెనక సీటు కూడా బాగా వెడల్పే. ఇంకో మనిషి కాళ్ళు చాపుకుని కూచోవచ్చు.

నడుం దెబ్బతిన్నాక రెండు చక్రాల మీద నిలదొక్కుకోలేక ఇది కొన్నావట. తెలుసు, ఆయనే చెప్పాడు. అక్కడే పట్టుకుంది నాకు అనుమానం. ఇంట్లో ఉప్పు ఇటివ్వు అనడానికి కూడా నోరు పెగలని మనిషి! నీ నడుం సంగతి అంత వివరంగా ఎప్పుడు మాట్లాడుకున్నారో?

లేదు లేదు, నన్ను చెప్పనీ. పొద్దుట్నుంచీ మనసులో అనుకుంటూ వచ్చాను, మధ్యలో ఆపితే అన్నీ మర్చిపోతాను.

మా అక్క మొగుడు ఇల్లొదిలి పోయే ముందు వారం ఏం చేశాడో తెలుసా? కారు కడిగాడు. ట్యాంకు నింపాడు. టైర్లలో గాలి కొట్టించాడు. మా పిచ్చి అక్క, మొగుడికి ఇన్నాళ్ళకి శుభ్రం తెలిసొచ్చిందని మురిసిపోయి గసగసాల రొట్టె చేసి పెట్టింది. ఆ రొట్టె కూడా పట్టుకునే పోయాడు!

నేను అక్కలాంటిదాన్ని కాదు. ఇదివరకు ప్రతి ఏడూ చలి మొదలయ్యేసరికి ఆయన ఆ బండిని పల్లెలో వాళ్ళన్న కొట్టంలో వదిలేసేవాడు. అక్కడ దానికేం చేసేవారో నేనేనాడూ చూళ్ళేదు. ఈ ఏడు అన్న ఇల్లు అమ్ముకున్నాడు, మేం ఈ గ్యారేజీ తీసుకున్నాం. ఈ నెల మొదట్లో బంగాళాదుంపల బస్తా పెడదామని వచ్చి చూద్దును కదా...

బండి పెళ్ళికూతురులా మెరిసిపోతోంది! చెయినుకి కొత్త గ్రీజు. టైర్లు నొక్కితే రాయిలా ఉన్నాయి. మూత తీశాను, పెట్రోలు అంచుదాకా ఉంది. నువ్వే చెప్పు, నా స్థానంలో నువ్వుంటే ఏమనుకునేదానివి? ఈ చలిలో అంత పెట్రోలు ఎంత దూరానికి? ఎవరితో?

ఊరుకున్నానా? ఊరుకోలేదు. ఏం చేశానో నీకనవసరం.

ఆ తర్వాత బాతు తినే మార్టిన్ పండగొచ్చింది. బాతు వండాను, ఎర్ర క్యాబేజీ, పిండి ఉండలు, అన్నీ. రెండు ముక్కలు తిని లేచాడు. బాతుని వదిలి! పందొమ్మిదేళ్ళ కాపురంలో ఆ మనిషి బాతుని వదలడం నేనెప్పుడూ చూళ్ళేదు. "గ్యారేజీలో పనుంది" అన్నాడు. దుప్పటి చంకలో పెట్టుకున్నాడు. ఫ్లాస్కు నింపుకున్నాడు. కప్పులెన్ని తీసుకున్నాడో తెలుసా? రెండు. నా కళ్ళతో నేను చూశాను. అప్పట్నుంచీ రోజూ అదే వరస, తెల్లారాక రావడం, ముక్కు ఎర్రగా చేసుకుని పడుకోవడం.

ఈ వరసలో ఆడవాళ్ళ గ్యారేజీ ఒక్కటే ఉంది రాద్కా. నీది.

నవ్వుతావేం? నవ్వొస్తోందా? సరే, నవ్వు. ఆ డబ్బాలో ఏంటది? పెట్రోలేనా? చూడు చూడు, నువ్వూ అంచుదాకా పోస్తున్నావు! నువ్వూ టైర్లు రాయిలా చేశావు! ఇంకా దాచడమెందుకు, ఇద్దరూ ఏ రోజుకి ముహూర్తం పెట్టుకున్నారో అది చెప్పెయ్యి. సామాను నేనే సర్ది పంపిస్తా.

ఆగు. ఆ సైలెన్సర్‌లో కుక్కుతున్న గుడ్డేంటి? ఇటివ్వు. ఇవ్వమంటున్నానా!

నీలం గళ్ళ చొక్కా. ఇది మా ఆయనది! మోచేతి దగ్గర ఈ అతుకు నేను వేసిందే. ఇల్లంతా వెతికాను దీనికోసం. ఇప్పుడేమంటావు? ఎలుకలు దూరకుండానా? పొగగొట్టంలో ఎలుకలా? సగం నీకిచ్చి సగం తన బండికి పెట్టుకున్నాడా? అబ్బ, ఎంత చక్కగా పంచుకున్నారు! ఒక చొక్కా, రెండు బండ్లు!

పోనీ, అది ఎలుకలకే అనుకో. మరి ఇప్పుడేం చేస్తున్నావు? బ్యాటరీ ఎందుకు ఊడదీస్తున్నావు? అది లేకపోతే బండి కదలదుగా. ఇంటికా? ఇంటికెందుకు, ఇక్కడుంటే ఏం? చలికి చచ్చిపోతుందా?

ఆ చెక్కదిమ్మలెందుకు మళ్ళీ? చక్రాలు గాల్లోకి లేపేసుకుని ఎక్కడికెళ్తావు?

ఎక్కడికీ వెళ్ళవా?

మార్చి దాకా?

నిజం చెప్పు. నీకు పిల్లల్లేరుగా, మరి ఎవరి మీద ఒట్టేస్తావు? ఈ బండి మీద చెయ్యి పెట్టి చెప్పు. ఆఁ, పెట్టావు. మెరుగు పెట్టిన ట్యాంకు మీద నూనె చెయ్యి పెట్టేశావంటే నిజమే అయ్యుండాలి.

అంటే ఇదంతా ప్రయాణానికి కాదా? చలికాలమంతా బండిని పడుకోబెట్టడానికా? మా ఆయన బ్యాటరీ తెచ్చి పడగ్గదిలో పెట్టాడు రాద్కా. నిద్ర లేవగానే దానికి వైరు తగిలించి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు చూస్తాడు. నా మొహం చూడడు. దూరం వెళ్ళడానికే దానికి బలం పట్టిస్తున్నాడనుకున్నాను నేను.

ఊఁ, నమ్ముతాను. కొంచెం నమ్ముతాను. మరి పెట్రోలెందుకు అంత? ఖాళీగా ఉంటే లోపల చెమ్మ చేరి తుప్పు పడుతుందా? కొంచెం ఖాళీ అయితేనా, మొత్తం ఖాళీ అయితేనా? ఊరికే అడుగుతున్నా. టైర్లలో గాలి లేకపోతే? ఒకే చోట నొక్కుకుపోయి పాడైపోతాయా? అయ్యో.

ఏం లేదు. ఊరికే అన్నాను అయ్యో అని.

దొంగేంటి? ఏ దొంగ? ఈ వరసలో పెట్రోలు దొంగ తిరుగుతున్నాడా? ఎవరి బండిలో? ఓహో. రెండుసార్లా? తాళం పగలకుండానే? అందుకని మా ఆయన దీపం ఆర్పేసి, దుప్పటి కప్పుకుని, లోపల కాపలా కూచుంటున్నాడా?

నాకెందుకు చెప్పలేదు? భయపడతానని చెప్పలేదా? నేనా, భయపడతానా?

దుప్పటి సంగతి సరే. రెండో కప్పు ఎవరికి? నేను వచ్చిందే ఆ కప్పు కోసం. తల దించుకోకు, చెప్పు.

దొంగకా?

ఏమన్నాడు, మళ్ళీ చెప్పు. ఈ చలిలో పెట్రోలు ఎత్తుకుపోవడానికి వచ్చాడంటే వాడికేం కష్టమొచ్చిందో, ముందు టీ పోసి, ఆ తర్వాత అడుగుదామన్నాడా? బొహూషేనా? మా బొహూషేనా ఆ మాటన్నది? చేతిలో పానా అయినా పెట్టుకోలేదా? ఉత్త చేతులతోనే?

ఆ పెట్టె ఇటు జరుపు. కాస్త కూచుంటాను.

అలా చూడకు. నీకు అర్థమైపోయింది, నాకు తెలుసు. అవును, నేనే. వంటింట్లో మేకుకి రెండో తాళంచెవి ఉంటుంది. ట్యాంకు కుళాయి కింద రబ్బరు గొట్టం ఊడదీస్తే అదే కారిపోతుంది, పెద్ద విద్యేం కాదు. పెట్రోలంతా మా నేలమాళిగలో దోసకాయ జాడీల వెనక డబ్బాలో ఉంది. ఈ ఏడు ఊరగాయ నోట్లో పెట్టుకోవడానికి లేదు, అంతా అదే వాసన. గాలి కూడా నేనే తీశాను. ఖాళీ చేస్తే ఎక్కడికీ పోలేడనుకున్నాను. ఆయనేమో మళ్ళీ నింపాడు. నింపితే మళ్ళీ భయమేసింది, మళ్ళీ తీశాను. భయం రాద్కా, భయం. వెళ్ళిపోతాడేమోనని రోజూ దిండు కిందకి మొహం దూర్చుకుని ఏడ్చాను.

నేను దొంగతనం చేస్తే ఆయన కాపలాకి వెళ్ళాడు. ఆయన కాపలాకి వెళ్తే నేను నీ మీద పడ్డాను. థూ, నా బతుకు!

పందొమ్మిదేళ్ళయింది. ఆ మనిషి నాకోసం వీధి మలుపు దగ్గర కూడా ఎప్పుడూ నిలబడలేదు. ఒక్కరోజు ఒక్క కప్పు పోసి, ఏం క్వేతా, ఏంటి నీ కష్టం అని అడగలేదు. దొంగని మాత్రం అడుగుతాడట. దొంగకోసం గజగజ వణుకుతూ తెల్లవార్లూ చూస్తాడట.

ఆయనకి నువ్వేం చెప్పొద్దు. ఇందాకటి మాటలు మనసులో పెట్టుకోకు, ఆ చొక్కా కూడా ఉంచుకో. నేలమాళిగలో ఆ పెట్రోలు డబ్బా బరువైతే అవనీ, నేనే మోసుకొస్తా. రాత్రికి ఆ రెండో తాళంచెవితో తలుపు తీసి, తిన్నగా లోపలికెళ్ళి ఆయనకి పట్టుబడతా.

అన్నట్టు, ఆ టీలో పంచదార వేస్తాడా? వేస్తాడా! నీకెలా తెలుసు?

దొంగ రాలేదని మిగిలింది నీకు పోశాడా? ఎన్నిసార్లు? ఒక్కసారేనా, నిజంగా?

సరేలే. ఇవాళ్టి నుంచి దొంగ వస్తుంది. నీకేం మిగలదు.