లైను దాటని బంతి

కూర్చో బామ్మర్దీ, కూర్చో. తలుపు దగ్గర అలా సగం లోపల, సగం బయట నిలబడతావేంటి? పైన కమిటీవాళ్ళ టీలు ఇంకా అవ్వలేదు, కప్పుల చప్పుడు ఇక్కడికే వినపడుతోంది. నన్ను పీకెయ్యడానికి అంత ఆలోచన దేనికో! ఆ ఐస్ సంచీ ఇటు పడెయ్. మోకాలు చూడు, ఎలా ఉబ్బిందో.

ఏమన్నారు? మొహమాటపడకుండా చెప్పు. "ఆటగాడిగా గొప్పవాడే గానీ కోచ్‌గా పనికిరాడు" అన్నారా? ఆ ముక్క నాకు కొత్తదేం కాదులే. పేపర్లో రాశారు, టీవీలో చెప్పారు, మొన్న జుట్టు కత్తిరిస్తూ సెలూన్ వాడు కూడా అన్నాడు. కత్తెర నా చెవి పక్కన పెట్టుకుని అంటుంటే ఏం మాట్లాడతాను? 

గొప్పగా ఆడినవాడు నేర్పలేడట! అంటే ఆట రానివాడే నేర్పాలన్నమాట. అలాగైతే మా పక్కింటాయన్ని తీసుకొచ్చి పెట్టమను. ఆయన తంతే బంతి ఉన్నచోటే ఉంటుంది, చెప్పు వెళ్ళి గోల్లో పడుతుంది. ఆయన్ని మించిన కోచ్ ఎక్కడ దొరుకుతాడు మనకి?

నవ్వకు. ఇప్పుడు నవ్వావంటే నీ మీద కూడా అనుమానం వస్తుంది నాకు.

అసలు నేనేం తక్కువ చేశాను, చెప్పు? ఈ గదిలోకి నేను అడుగు పెడితే కుర్చీల్లో జారిపడి ఉన్నవాళ్ళు నిటారుగా కూర్చునేవాళ్ళు కాదా? అవతలి జట్టువాళ్ళు మ్యాచ్‌కి ముందు నా పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు. ఫొటో దిగాక ఏం ఆడతారు? సగం ఓడిపోయాకే మైదానంలోకి వెళ్ళేవాళ్ళు. సీజన్ మొదట్లో వరసగా గెలిచామా లేదా? ప్రెసిడెంటుగారు నన్ను ఎత్తుకున్నంత పని చేశాడా లేదా?

తర్వాతి సంగతా? తర్వాతి సంగతి తర్వాత.

నాకు వాళ్ళు పెట్టిన పేరు తెలీదనుకుంటున్నావా? "ఇలా సార్"! బస్సులో వెనక సీట్లలో కూర్చుని ఆ పేరుతోనే కదా గుసగుసలు. మోకాలు పోయింది గానీ చెవులు బాగానే ఉన్నాయి నాకు.

మరి ఇంకెలా చెప్పమంటావయ్యా? ఆ రోజు ఎడంకాలోడు వచ్చి అడిగాడు. లైను పక్కన పరిగెత్తే మన వింగర్ పోటుగాడే! "సార్, ఫ్రీ కిక్ తన్నితే బంతి వాళ్ళ తలల మీంచి వెళ్ళి, అంతలోనే కిందికి దిగాలి, ఎలా సార్?" అన్నాడు. బంతి పెట్టాను. ఇలా, అన్నాను. పోయి గోల్ పై మూలలో పడింది. మళ్ళీ పెట్టాను. ఇలా. మళ్ళీ అక్కడే. జట్టంతా చప్పట్లు. వాడొక్కడే మొహం వేలాడేసుకుని, "ఇలా అంటే ఎలా సార్?" అన్నాడు.

ఏం చెప్పను! నువ్వైతే ఏం చెప్తావు? ముద్ద మింగడం ఎలా అని ఎవరైనా అడిగితే చెప్పగలవా? చెప్పడానికి నా దగ్గర మాటలుంటే కదా. ఉన్నదంతా కాల్లోనే ఉంది. నాకు కోపం వచ్చేసింది, "కళ్ళు లేవా నీకు?" అని అరిచాను.

అప్పుడు దిగావు నువ్వు, నా అసిస్టెంటువి. వాడి పక్కన గడ్డి మీద చతికిలబడి, "తన్నే కాలు సంగతి సరే, నేల మీది కాలు ఎక్కడ పెట్టావు?" అన్నావు. నేల మీది కాలట! ఇన్నేళ్ళు ఆడాను, దేశం తరఫున ఆడాను, నాకు ఆ కాలు ఒకటుందనే తెలీదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అద్దం ముందు ఒంటికాలి మీద నిలబడి చూసుకున్నాను. మీ అక్క వచ్చి "ప్యాంటు కొత్తదా?" అంది.

వారం తిరక్కుండా ఎడంకాలోడి బంతి దిగడం మొదలెట్టింది. నాకు ఆనందంగా ఉండాలి కదా? ఉంది. కొంచెం కడుపు కూడా మండింది. ఏం, మండకూడదా?

నిన్ను తీసిపారేస్తున్నానని కాదు. రిజర్వు గోల్‌కీపరుగా ఏళ్ళకేళ్ళు బెంచీ మీదే కూర్చోబెట్టారు నిన్ను. కూర్చున్నవాడివి గనక ఎవడి కాలు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ గడిపావు. నేను ఎవరి కాళ్ళు చూశాను? నాకు గోలొక్కటే కనపడేది. మధ్యలో మనుషులున్నారని కూడా తట్టేది కాదు.

ఇవాళ్టి సంగతికే వస్తున్నా, తొందరపడకు. నేను దాటేస్తానా?

డ్రా అయితే చాలు, పై డివిజన్లో ఉంటాం. ఓడితే కిందికి పోతాం. హాఫ్‌టైమ్‌లో ఈ గదిలోనే గొంతు చించుకుని చెప్పింది నేనే కదా! ఆట అయిపోవస్తోంది, ఎవరికీ గోల్ లేదు. ఇంతలో వాళ్ళ కీపరు, ఏం పుట్టిందో వాడికి, గోల్ వదిలేసి అంత దూరం పరిగెత్తుకొచ్చి బంతిని తన్నాడు. సరిగ్గా తగల్లేదు. అది నేను నిలబడ్డ పక్క లైను వెంబడే దొర్లుకుంటూ వస్తోంది. నా వైపే వస్తోంది బామ్మర్దీ. అవతల గోల్ ఖాళీ.

కాలు నన్ను అడిగి కదిలిందా? కదిలిపోయింది. మీ అక్క కొన్న ఈ నల్ల తోలు బూటు, సూటు ప్యాంటు, డాక్టరు మెట్లు కూడా ఎక్కొద్దన్న ఈ మోకాలు, ఏవీ అడ్డం రాలేదు. "ఇలా!" అని అరిచానట కూడా. మధ్య గీత దగ్గర్నుంచి! కీపరు తల మీంచి వెళ్ళి, ఒకే ఒక్కసారి నేల తాకి, వలలో పడింది.

స్టేడియం మొత్తం లేచి నిలబడింది. మనవాళ్ళే కాదు, వాళ్ళ జెండాలు పట్టుకున్నవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. చూశావుగా.

ఆ తర్వాత ఈల. నేను తన్నేటప్పటికి బంతి పక్క లైను దాటి బయటికి రాలేదట. బెత్తెడంత లోపలే ఉందట! ఆటలో ఉన్న బంతిని కోచ్ తన్నకూడదు, నాకు తెలీదా? నాకు ఎర్రకార్డు, వాళ్ళకి ఫ్రీ కిక్. కార్డు చూపిస్తూ రిఫరీ నా చెవిలో ఏమన్నాడో తెలుసా? "మీ ఆట చూస్తూ పెరిగాను సార్, ఏమనుకోకండి" అన్నాడు. ఏమనుకోవాలి నేను?

వాళ్ళ గోల్ నేను చూళ్ళేదు. అప్పటికే ఇక్కడికి వచ్చి ఈ బెంచీ మీద కూర్చున్నాను. పైకప్పు అదిరేలా అరుపు వినపడింది. మనదా, వాళ్ళదా అని చెవులు రిక్కించాను. మన అభిమానుల డప్పు మోగలేదు. అప్పుడు బూటు విప్పాను.

పైన అడిగితే చెప్పు, అలవాటుపడ్డ కాలు, దానంతటదే లేచిందని. మనిషి తప్పు కాదు, కాలి తప్పు అని చెప్పు.

ఏంటలా చూస్తావు? మీ అక్కా అంతే. మీ ఇంట్లో అందరికీ ఈ చూపు ఎవరు నేర్పారో!

నేను తన్నినప్పుడు ఎడంకాలోడు ఎక్కడున్నాడు అంటావు, అంతేగా?

వస్తున్నాడు. బంతి కోసం లైను వెంబడే ప్రాణం పెట్టి పరిగెత్తుకొస్తున్నాడు. చూశాను. అబద్ధం దేనికి, కళ్ళారా చూశాను. ఇంకో రెండంగల్లో అందుకుంటాడు. కీపరు లేడు, ఖాళీ గోల్, వాడి ఎడంకాలికి సరిగ్గా సరిపోయే బంతి. వాడు కొట్టేసేవాడు, గెలిచేవాళ్ళం. అదంతా నాకు తెలిసింది. నేనక్కడ ఊరికే నిలబడి ఉంటే చాలు. ఆ నిలబడటమే నా చేత కాలేదు. అంత మంచి బంతి నా కాళ్ళ ముందు నుంచి ఇంకొకడి దగ్గరికి పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

అందరూ చప్పట్లు కొట్టారన్నాను కదా. వాడు కొట్టలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ నన్నే చూశాడు.

ఏడుస్తాననుకుంటున్నావా? ఏడవను. రేపు అదే బంతి మళ్ళీ వస్తే మళ్ళీ తంతాను, రాసుకో. గొప్పగా ఆడినవాళ్ళందరి సంగతీ నాకు తెలీదు. వాళ్ళలో వదిలెయ్యగలిగినవాళ్ళు ఉంటారేమో, మంచి కోచ్‌లూ అవుతారేమో. నేను వదల్లేను. నేనింతే.

అదిగో, పిలుస్తున్నారు. నన్ను కాదులే, నిన్నే. వెళ్ళు. కోచ్ పని ఇస్తామంటే నసగకుండా తీసుకో, మీ అక్కకి నేను చెప్పుకుంటాను. పై డివిజనో కింది డివిజనో, ఎడంకాలోడు నీ చేతిలో బాగుపడతాడు.

ఆగాగు. ఒక్కటి చెప్పి వెళ్ళు. నా బంతి వలలో పడ్డప్పుడు నువ్వూ చప్పట్లు కొట్టావు, నేను చూశాను. అంతకుముందు నువ్వు చూసింది కూడా ఉంటుంది కదా, నీ కళ్ళు ఎప్పుడూ అక్కడే ఉంటాయి.

నేల మీది కాలు, సరిగ్గానే పెట్టానా?