మచ్చలు తుడిచే పనిముట్టు

ఇది కాదు, ఇది కాదు అంటావేగానీ, ఎందుకు కాదో చెప్పవేం లవాన్? మీ అక్క తీసిన ఫొటో, మీ అక్క కంప్యూటర్లోంచే తీసి, మంచి కాగితం మీద అచ్చేయించి నీ చేతిలో పెట్టాను. కవరు విప్పి చూసి, మూతి ముడిచి, "డ్వేన్, ఇది మార్లిస్ చేసిన బొమ్మ కాదు" అని వెనక్కిచ్చి వెళ్ళిపోయావు. వారం నుంచి నాకు వేరే పని లేకుండా పోయింది.

కూర్చో. ఆ కుర్చీలో పిల్లి పడుకుంటుంది, కాస్త దులుపుకుని కూర్చో. బూట్లు గుమ్మం దగ్గర విప్పావా? సంతోషం. ఆ డబ్బాలో ఏంటి, మళ్ళీ నిమ్మకాయ బార్లేనా? మీ అక్క పోయిన దగ్గర్నుంచి ఈ డులూత్ ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళందరూ కలిసి నన్ను తీపితో చంపాలని తీర్మానించుకున్నట్టున్నారు. పెట్టు, అక్కడ పెట్టు.

ప్రదర్శన శుక్రవారం అని నాకూ తెలుసు. లైబ్రరీలో గోడ, మీ ఫొటో క్లబ్బు వాళ్ళ బొమ్మలు, మధ్యలో మార్లిస్ బొమ్మ, కింద ఆవిడ పేరు. అవుతుంది. అదిగో, తెర మీద అక్షరాలు పరిగెడుతున్నాయి చూశావా? కంపైల్ అవుతోంది, అంటే రాసిన కోడు నడిచే ప్రోగ్రాముగా తయారవుతోంది. అది అయ్యేదాకా నువ్వూ నేనూ చెయ్యగలిగింది ఏం లేదు.

ఏమన్నాడూ, వెండెల్? నెలనెలా డబ్బు కట్టి వాడుకునే సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంటే చిటికెలో అయిపోతుందన్నాడా? మీ క్లబ్బు అధ్యక్షుడు చెప్పాడూ అంటే ఇంక తిరుగేముంది. గద్దల్ని తప్ప ఇంకోదాన్ని తీసిన పాపాన పోలేదు. ఆ గద్దలు కూడా అతన్ని చూసి మొహం తిప్పుకుంటాయి, ఏ ఫొటోలో చూసినా తోకే. ఆయన నాకు సాఫ్ట్‌వేర్ చెప్పేవాడయ్యాడు. అదైనా నీతో చెప్పించాడుగానీ నా మొహం మీద చెప్పే దమ్ము లేదు. అద్దె కట్టడం ఆపిన రోజున నీ ఫొటోలకి నువ్వే పరాయివాడివి. ఆ మాట అతనికి తట్టదు.

ఫొటోలు దిద్దుకోవడానికి మీ అక్క వాడింది లాంటర్న్. ఉచితం. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు తీరిక దొరికినప్పుడు రాసి, కోడంతా ఇదిగో, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండి అని బయట పెడతారు. దాన్ని ఆవిడకి నేర్పింది నేను. మొదట్లో ఏడ్చింది. తర్వాత నాకంటే బాగా వాడింది, అది వేరే సంగతి.

విను, నీకు అర్థం కాకపోయినా విను. ఇది నీ ఫోన్లో వేలితో గీకినట్టు కాదు. కెమెరాలోంచి వచ్చిన ఫొటోని లాంటర్న్ ముట్టుకోదు. మనం చేసినదంతా పక్కన విడిగా రాసి పెట్టుకుంటుంది. ఇక్కడ వెలుగు తగ్గించు, అక్కడ నీలం పెంచు, ఈ మచ్చ తుడువు. తెరిచిన ప్రతిసారీ అవన్నీ మొదట్నుంచీ మళ్ళీ చేసి చూపిస్తుంది. అంటే మీ అక్క పనితనం ఫొటోలో లేదు, ఆ మాటల్లో ఉంది. ఆ మాటలు తెలిసిన పాత లాంటర్న్ ఉంటేనే అది కనబడుతుంది.

ఆ పాతది ఏమైందంటావా? నేనే తీసేశాను. ఆవిడ ఆసుపత్రిలో ఉండగా, ఇంటికొచ్చేసరికి అంతా కొత్తగా ఉంటే సంతోషిస్తుందని, ఫొటోలూ ఆ మాటలూ పక్కన దాచి, కంప్యూటర్ తుడిచేసి, లాంటర్న్‌తో సహా అన్నీ కొత్త వెర్షన్లు ఎక్కించాను. ఇంకొకడైతే పువ్వులు పట్టుకెళ్ళేవాడు. నాకు తెలిసిన పువ్వులు ఇవే. ఆవిడ ఇంటికి రానూ లేదు, దాన్ని చూడనూ లేదు.

సరేలే, కళ్ళు తుడుచుకో. నేను ఏడవమని చెప్పలేదు.

కొత్తదాంట్లో ఆ మహానుభావులు ఏం చేశారో తెలుసా? మచ్చలు తుడిచే పాత పనిముట్టుని పీకేశారు. దాని బదులు ఇంకోటి పెట్టారు, బాగానే ఉంది, కాదనను. కానీ పాతదానికి చెప్పిన మాటలు దీనికి తెలీవు. తెలీనప్పుడు తెలీదని నోరు విప్పి చెప్పాలా, వద్దా? చెప్పదు. ఆ ముక్క వరకూ దాటేసి, ఏమీ ఎరగనట్టు ముందుకెళ్ళిపోతుంది.

ఊరుకుంటానా? రాశాను వాళ్ళకి. దులిపేసి మరీ రాశాను. జర్మనీలో ఉన్న ఒకాయన జవాబిచ్చాడు. దాన్ని ఎవరూ వాడట్లేదండీ, మీకు అంతగా కావాలంటే మీరే రాసి పంపండి, చేర్చుకుంటాం అన్నాడు. వీళ్ళ దగ్గర ఎప్పుడూ ఇదే మర్యాద. ఇల్లు కారుతోందయ్యా అంటే నిచ్చెన చేతికిస్తారు. నా భార్య వాడింది అని రాశాను. దాని కింద బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి వెళ్ళిపోయాడు. నా భార్యకి బొటనవేలు.

అసలు ఆ బొమ్మలో అన్ని మచ్చలు ఎక్కడివంటావు? నువ్వు రాలేదుగా ఆ రోజు, నీకేం తెలుసు. జనవరి. సరస్సు మీంచి పొగలు లేస్తున్నాయి, ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి. ఇనప ఖనిజం ఓడ ఆ పొగలోంచి కాలువలోకి వస్తోంది. మీ అక్క మంచులో మోకాళ్ళ మీద కూచుని తీస్తోంది. లెన్సు మీద మంచు రవ్వలు పడ్డాయి, ఒక్కోటీ ఒక్కో మచ్చ. నేను అవతల దీపస్తంభం కింద నిలబడ్డాను, నారింజ రంగు వేట కోటు వేసుకుని, థర్మాస్ పట్టుకుని. ఆవిడకి కాఫీ పోయడానికి ఒకడుండాలి కదా.

అందుకే నువ్వు ఇది కాదన్నప్పుడు ఆ మంచు రవ్వల సంగతే అనుకున్నాను. చేత్తో తుడిచి మళ్ళీ అచ్చేయించాను. కాదన్నావు. నీలం తేడా కొట్టిందేమోనని అదీ సవరించాను. దానికీ తల అడ్డంగా ఊపావు. చర్చిలో పాట రాకపోయినా పెదాలు కదిపేదానివి నువ్వు, నీకు నీలంలో తేడా తెలుస్తోందా అని నవ్వుకున్నాను.

సరే, పాత లాంటర్న్ తెస్తే గానీ ఈవిడ నోరు మూతపడదనుకున్నాను. అది తయారుగా దొరకదు. ఇప్పటి కంప్యూటర్ మీద అది ఎక్కదు. కోడు తెచ్చుకుని మనమే కంపైల్ చేసుకోవాలి. రొట్టె కొనుక్కోవడం కాదు తల్లీ, గోధుమలు మరపట్టించడం దగ్గర్నుంచి మొదలు. మొదలెట్టగానే ఫలానాది లేదంది. అది తెస్తే, దానికి ఇంకోటి కావాలంది. ఆ ఇంకోటి ఇప్పటిది పనికిరాదట, అప్పటిదే కావాలట. మా బావమరిదిని పిలిస్తేనే పెళ్ళికొస్తానని అలిగిన చుట్టంలాగ. తా దూర కంత లేదు, మెడకో డోలు. చివరికి ఆ చుట్టాలందరినీ ఒక గదిలో పెట్టి తలుపేసి, ఇప్పటివాటి మొహం చూడనివ్వకుండా కూచోబెట్టాను. వెండెల్‌ని చెయ్యమను ఇది. గద్ద తోక పట్టుకుని చెయ్యమను.

ఏంటి? వద్దంటావా? వేరే బొమ్మ పెట్టేద్దామా?

ఇదెక్కడి న్యాయం లవాన్? ఇదే కావాలని వారం నుంచి నా ప్రాణం తీసింది నువ్వా, ఇంకొకరా? ఇప్పుడు పిల్లికేసి చూస్తూ, వసంతంలో తీసిన పడవల బొమ్మ కూడా బాగుంటుందని గొణుగుతున్నావు. నా మొహం చూసి చెప్పు.

ఊఁ. అనుకున్నాను. నీకు ముందే తెలుసు. మీ అక్క నీకు చూపించింది.

ఆ తెరకేసి చూడకు. అది ఉత్తిదే. పొద్దున్నే కంపైల్ అయిపోయింది. నీ కారు మన వాకిట్లోకి తిరగడం చూసి మళ్ళీ మొదట్నుంచి నడిపించాను. ఏం చెప్పాలో తేల్చుకోవడానికి కాస్త వ్యవధి కావాలిగా.

పాత లాంటర్న్ ఏ పేచీ లేకుండా తెరుచుకుంది పొద్దున. కుర్చీలోంచి లేచి గట్టిగా అరిచాను, పిల్లి వంటింట్లోకి పారిపోయింది. తర్వాత ఆ బొమ్మ తెరిచాను. ఓడ ఉంది. పొగ ఉంది. దీపస్తంభం ఉంది. దాని కింద ఎవరూ లేరు.

ముందు పాతదే ఏదో తప్పు చేసిందనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కంపైలర్ని తిట్టాను. తర్వాత ఆ మచ్చల పనిముట్టు మీద నొక్కాను. ఎక్కడెక్కడ తుడిచారో గుండ్రాలు గీసి చూపిస్తుంది అది. మంచు రవ్వల మీద చిన్న చిన్న గుండ్రాలు. నా మీద తల దగ్గర్నుంచి బూట్లదాకా వరసగా గుండ్రాలు. థర్మాస్‌కి విడిగా ఒకటి. నా వెనకున్న కాలువ గోడ రాళ్ళ గీత ఎక్కడా తెగకుండా ఎంత ఓపిగ్గా చేసిందో. పని మాత్రం వంక పెట్టడానికి లేదు. నేను నేర్పిందేగా.

కోటు రంగు వల్లేనంటావా? బూడిద రంగు బొమ్మలో నారింజ చుక్క కంటికి అడ్డం. ఆ ముక్క నాకు నువ్వు చెప్పాలా? ఆవిడ తీసిన ప్రతి బొమ్మా చూసి, ఆ చెత్తడబ్బా ఎందుకు, ఈ కరెంటు తీగ ఎందుకు, బొమ్మకి పనికిరానిది తీసి పారెయ్ అని చెప్పింది నేనే. ఏళ్ళ తరబడి చెప్పాను. వింటోందనుకోలేదు.

పొమ్మనలేక పొగబెట్టడం అంటారు. మీ అక్క పొగని ఉంచుకుని నన్ను పొమ్మంది.

ఆ కబుర్లు వద్దులే. నన్ను ఓదార్చమని ఎవరూ అడగలేదు. ఇదిగో కవరు. మధ్యాహ్నమే అచ్చేయించాను. ఇది ఆవిడ బొమ్మ, గోడకి ఇదే పెట్టు. పడవలూ వద్దు, గిడవలూ వద్దు. నిజం చెప్పనా, నేనున్న దానికంటే ఇదే బాగుంది. ఒళ్ళు మండేది అందుకే. వెండెల్ దీని ముందు నిలబడి అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో అంటాడు. అననీ. ఆ మాట వినడానికి నేను రాను.

నేనున్న బొమ్మ నా దగ్గరే ఉంటుంది, ఆ కొత్త లాంటర్న్‌లో. దాన్ని రాసిన ఆ దరిద్రులే కదా, అడక్కుండా నన్ను తెచ్చి మళ్ళీ ఆ దీపం కింద నిలబెట్టింది.

ఆ జర్మనీ ఆయనకి ఇందాకే రాశాను, నా ఫిర్యాదు కొట్టేయండి, ఆ పాత పనిముట్టు వెనక్కి తేవద్దు అని. ఏమైందండీ, మీ భార్య వాడేవారన్నారుగా అని అడిగాడు.

ఎవరూ వాడట్లేదులెండి అన్నాను.