పి గారి పదహారు కాగితాలు

ఏమిటే పొద్దున్నుంచీ ఆ గొణుగుడు? ఏదీ, ఇలా చూపించు. పరీక్షకా? ఓహో, అన్నీ పి అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలేనా! అయితే కాసేపు ఇలా కూర్చో. మా ఆఫీసు వరండాలో ఒకాయన ఉండేవాడు, ఆయనకి తెలిసిన గొప్ప ఇంగ్లీషంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉండేది. సొంత పేరు ఏదో ఉండే ఉంటుందిలే, అందరం పి గారనేవాళ్ళం. అర్జీలు రాసిపెట్టేవాడు. ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల, దాని కింద మడిచిపెట్టిన అట్టముక్క, జేబు దగ్గర సిరా మరక. చిత్తుకాగితాల కొట్లో ఎవరిదో చిరిగిన డిక్షనరీ దొరికిందట. అట్టల్లేవు, ముందు లేదు, వెనక లేదు, మిగిలినవి పదహారు కాగితాలు, అంతా పి. ఆయనకి అదే చాలింది.

నవ్వకు, పూర్తిగా విను. ఆయన కూడా అంతకు ముందు ఆ ఆఫీసులోనే గుమాస్తా. ఓ రోజు ఆఫీసరు ఫైలు మీద ఏదో నోరు తిరగని మాట రాశాడట. ఈయన బుద్ధిగా లోపలికెళ్ళి, 'అయ్యా, దీనర్థం ఏమిటండీ?' అని అడిగాడు. ఆయనకి తెలిస్తేగా చెప్పడానికి! 'నాకే పరీక్ష పెడతావా?' అని ఎగిరి, వారం తిరక్కుండా ఉద్యోగం ఊడగొట్టించాడు. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి ఈయనకి. 'ఒరే, ఇక్కడ అర్థం అడిగినవాడి ఉద్యోగం పోతుంది. అంచేత ఇంకెవడూ అడగడు' అని తేల్చుకుని, వరండాలో బల్ల వేశాడు. ఒక్కో అర్జీలో ఒక్కటే ఒక్క కొరుకుడుపడని మాట. మురుగుకాలవ పొంగుతోందని ఓ వీధివాళ్ళు ఏడాదిగా తిరుగుతుంటే, పర్నీషియస్ అని ఇరికించాడు. నెమ్మదిగా ప్రాణం మీదికి తెచ్చేది అని అర్థమట. నేనప్పుడు అటెండరుని కదా, అన్నీ నా కళ్ళముందే. ఆఫీసరు చదివాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, మళ్ళీ చదివాడు, హెడ్ క్లర్కుని చూశాడు. హెడ్ క్లర్కు గోడని చూశాడు. మూడోనాటికి కాలవ శుభ్రం! కొళాయిలో నీళ్ళు రావట్లేదని ఒకావిడ వస్తే, కొళాయి పార్సిమోనియస్ అయిపోయిందని రాశాడు. అంటే పిసినారి. కొళాయి పిసినారిదైందట! దానికీ సంతకం పడింది. కానీ ఒకసారి వాడిన మాట మళ్ళీ వాడేవాడు కాదు. 'అలవాటైతే భయం పోతుందిరా' అని, దాని మీద ఎర్రపెన్సిలుతో గీత కొట్టి, ఎవరికి వాడాడో పక్కన రాసుకునేవాడు. మరి మీ ఉద్యోగం కోసం మీరొకటి రాసుకోకూడదా అంటే, 'నన్ను తీసేసినవాడు ఇంకా పై కుర్చీలోనే ఉన్నాడు, వాడు దిగాక చూద్దాంలే' అనేవాడు.

ఇక నా గొడవ. మీ అమ్మమ్మ వేరే ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు. మీ అమ్మ ఎనిమిది నెలల పిల్ల, తల్లి దగ్గరే ఉండేది. నెలకోసారి నేను వెళ్ళి ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడ్చేది. ఓసారి పక్కింటాయన చంకలో కిలకిలా నవ్వుతూ, నన్ను చూడగానే మొహం తిప్పేసుకుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏడ్చానే, చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. ఆ ఊరికి బదిలీ కోసం అర్జీ రాసిపెట్టమన్నాను. 'నీది అసలైన కష్టంరా, దీనికి వేషాలెందుకు' అని నాలుగు మామూలు వాక్యాలు రాశాడు. నా భార్యాబిడ్డలు అక్కడ, నేను ఇక్కడ, నా బిడ్డ నన్ను గుర్తుపట్టడం లేదు, దయచేసి పంపండి. అంతే. నేనే పట్టుకెళ్ళి ఆఫీసరు బల్ల మీద పెట్టాను. వారానికి తిరిగొచ్చింది. దాని మీద ఏం రాశాడో తెలుసా? 'విషయం స్పష్టంగా లేదు.'

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం పి గారి ముందు విసిరికొట్టాను. 'కాలవకి ఇచ్చారు, కొళాయికి ఇచ్చారు, నా కూతురికి ఒక్క మాట ఇవ్వడానికి చేతులు రాలేదా?' అని నలుగురిలో అరిచాను. ఆయన తన డిక్షనరీ కాగితాలు తిరగేసి, 'ఒక్కటే మిగిలిందిరా' అన్నాడు. అది ఎవరికోసం ఉంచుకున్నారని నేను అడగలేదు. నా తొందర నాది. పర్స్‌పికేషస్. ఉందా నీ దాంట్లో? చూడు, చూడు. ఏమిటీ... ఎదురుగా ఉన్నదాన్ని ఇట్టే గ్రహించగలవాడు అనా? ఆ ఆఫీసరా! అయ్యో తల్లీ, నా కడుపు చెక్కలయ్యేట్టుంది. 'పర్స్‌పికేషస్ అయిన తమరు' అని మొదలుపెట్టి, కింద పాత వాక్యాలే మక్కీకి మక్కీ రాశాడే. తొమ్మిదో రోజుకి బదిలీ ఆర్డరు నా చేతిలో పడింది.

వచ్చేశాను. మీ అమ్మకి అలవాటయ్యాను, ఇక నా భుజం దిగేది కాదు. మళ్ళీ ఆ వరండా తొక్కలేదు, ఒక్క ఉత్తరం ముక్కయినా రాయలేదు. ఆరేళ్ళకి అక్కడి టీ కొట్టతను ఓ కవరు పంపాడు. పి గారు పోయాడని, ఇవి నాకివ్వమన్నాడని. ఆ పదహారు కాగితాలూను. ఎక్కడ చూసినా ఎర్రగీతలే. కాలవవాళ్ళకి, కొళాయావిడకి... ఈ పర్స్‌పికేషస్ పక్కన మాత్రం, వెలిసిపోయిన సిరాతో, 'నా ఉద్యోగానికి' అని ఉంది. ఎన్నేళ్ళనాడు రాసుకున్నాడో. దాన్ని కొట్టేసి, కింద పెన్సిలుతో రాశాడు. 'అటెండరు పాపకి.'

ఆఁ? ఏం లేదు. తరవాతి మాటేమిటో చదువు.