గెలిచినవాళ్లకు చుక్కలు

రెండు వేల తొమ్మిది, ఎండాకాలం. గద్వాలలో ఒక నెట్ సెంటర్. ఒకే నర్సింగ్ హోంలో పనిచేసే ఫరా, జమ్ములమ్మ, నర్సులకు ఇంగ్లిష్ నేర్పే ఆన్‌లైన్ కోర్సు కోసం ఎప్పటిలాగే పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. కువైట్ ఆసుపత్రి కొలువుకు ఇంటర్వ్యూలో తప్పి, ఫరా నిన్ననే హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆ సంగతి ఆమె ముందుగా జమ్ములమ్మకే చెప్పుకోవాలనుకుంది.

“నవ్విండ్రా?”

“నవ్వరా మరి, జమ్మూ. మింగలేని పేషెంటొచ్చిండనుకో, ఆ బాధ పేరు ఇంగ్లిష్‌ల చెప్పమన్నది ఇంటర్వ్యూ మేడం. నాలుగు పేర్లు చెప్పుండ్రి మేడం, అండ్ల ఒకటి పట్టుకుంట అన్న నేను.”

“అయ్యో, గట్లెందుకన్నవే?”

“మనం ఆడే కోర్సు ఆటల గంతే గద. నాలుగు మాటలొస్తయి, గబగబ నొక్కుతం. తప్పు నొక్కితే ఏం పోదు. నీకంటె ముందు తగిల్తె చుక్క నాది. ఆర్నెల్లసంది కోర్సు మొత్తంల నేనే ఫస్టు. చుక్కలుంటే మాటలొచ్చినట్టే అనుకున్న.”

“పోనీలె. డిస్ఫేజియా అంటే అల్కగ వచ్చే మాటేం గాదు.”

“ఏమన్నవ్?”

“ఏం లే. చాయ్ చెప్పాల్నా?”

“ఆ మాట నేను చెప్పలే నీకు. నాకే యాదికి లేదు.”

“యాడనో ఇన్న.”

“యాడనో గాదు, ఈడనే. ఆటల నా మీద నువ్వు ఓడిన మాట గది.”

“ఓడినోళ్లకు... ఆట జర చెప్తది, ఫరా.”

“ఏం చెప్తది?”

“బొమ్మ చూపిస్తది. పలికిస్తది. తెల్లారి మళ్ల అడుగుతది. వచ్చేదాంక ఇడ్వదు.”

“నన్నెన్నడు అడగలే.”

“నువ్వు గెలిచినవ్ గద.”

“చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని పెదవులాడిస్తుంటివి. పాటలింటున్నవనుకున్న.”

“పాటలని నేనెన్నడన్న అన్ననా?”

“కావాల్నని ఓడుతుంటివా?”

“మొదట్ల గాదు.”

“మొదట్ల గాదు. నేను ఫస్టొచ్చిన దినం మా అమ్మీ డబల్ కా మీఠా చేస్తే, అడిగి మళ్ల పెట్టించుకొని తిన్నవ్. అప్పుడు?”

“అప్పటికి తెల్సు.”

“నీ కువైట్ ఇంటర్వ్యూ ఎప్పుడు?”

“చూడాలె.”

“నా మొకం చూసి చెప్పు.”

“అయింది. పోయిన సోమారం.”

“సోమారం మీ అమ్మకు జ్వరమని ధరూర్ పోతినంటివి. నీ డ్యూటీ గూడ నేనే చేస్తి.”

“అమ్మ మంచిగనే ఉంది.”

“తీసుకున్నరా?”

“వచ్చే నెల రమ్మన్నరు.”

“ఒక్క మాట చెప్తే నీదేం పోయేది? నేను గూడ నేర్చుకుందును.”

“చెప్తే నువ్వు గూడ ఓడాల్ననే చూస్తవ్. ఇద్దరం ఓడుదమంటే ఆట నడ్వదు, ఫరా. ఎవరో ఒకరు గెలవాలె.”